ధర్మవరంలో దేన్నీ తోయకుండా తిరిగిన యంత్రం

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు చిక్కటి పాలంటే గిన్నెలో వేలు ముంచి చూడనిదే నమ్మేదాన్ని కాదు. పెళ్లి సంబంధాలు చూసే రోజుల్లో ఇంట్లోవాళ్లు ఈ గుణాన్ని దాచిపెట్టడానికి నానా తంటాలు పడ్డారు. ఆ గుణంతోనే హిందూపురం కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేరాను, దానితోనే రిటైరయ్యాను. అందుకని మా చెల్లెలు ధర్మవరం నుంచి ఫోన్ చేసి సంగతి సగం చెప్పేసరికే నా మనసులో తీర్పు తయారైపోయింది. ఆ తీర్పు చివరిదాకా మారలేదని ముందే చెప్పేస్తున్నాను. నా సైన్సు తప్పని తేలాలని ఎదురుచూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

"అక్కా, ఈ ఆదివారం వచ్చిపోతావా?" అంది చెల్లెలు. "ఆయప్ప ఒక మిషన్ చేసినాడు. అది దేన్నీ తోయకుండానే కదుల్తాండాది. ఆకాశంలో తిరిగే శాటిలైట్లకి పెట్టొచ్చంట. వెనక్కి ఏమీ వదలకుండా ఎంత దూరమైనా పోతాయంట."

"ఎవరు చెప్పారు?" అన్నాను. ఆయప్ప అంటే దాని మొగుడు, నా మరిది.

"ఆయప్పే చెప్పినాడు. ఫోన్‌లో వీడియో పెడితే శానామంది చూసినారు. బెంగుళూరు నుంచి ఒక సారు చూసేదానికి వచ్చే వారం వస్తాన్నాడు. సోమవారం మేస్త్రీ వస్తాండాడు, మగ్గం గుంత పూడ్చేదానికి."

ఆ చివరి ముక్క తను మామూలుగానే అంది. నేను మాత్రం చేతిలోని కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

మా చెల్లెలిది గుంత మగ్గం. గది నేలలో గుంత తవ్వి ఉంటుంది. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని కాళ్లు అందులోకి వేలాడేసి తొక్కుతారు. మా పుట్టింట్లో మగ్గం లేదు. మా నాయన హిందూపురంలో చింతపండు మండీ గుమాస్తా. పెళ్లయి ధర్మవరం వెళ్లాకే ఇది అత్త పక్కన కూర్చుని నేర్చుకుంది. చదువులో నా వెనక ఈడ్చుకుంటూ నడిచిన పిల్ల, ఈ పనిలో ఎవరికీ అందనంత ముందుకు పోయింది. దాని చీర అంచు చూసి, ఇది ఫలానా ఇంట్లో నేసిందని షావుకార్లు పోల్చుకుంటారు. వాళ్లింట్లో మగ్గం పట్టే గది ఒక్కటే. ఆ గుంత పూడ్చి పైన సిమెంటు వేశాక మళ్లీ తవ్వుకోవడం జరగని పని. మగ్గం పోతే మా చెల్లెలు ఏమవుతుంది? నాకు దిగులు పుట్టింది, దానితోపాటు కోపమూ వచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, యంత్రం నిజమో కాదో తేలకముందే గుంత పూడ్చడమేమిటి?

మరిది చెడ్డవాడు కాదు. అసలు చిక్కంతా అతను తెలివైనవాడు కావడంలోనే ఉంది. నేతవాళ్ల ఇంట పుట్టాడు, చిన్నప్పటి నుంచి మగ్గం మీద పెరిగాడు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మగ్గం దిగిపోయి అక్కడ మెయింటెనెన్సులో చేరాడు. వైర్లన్నా మోటార్లన్నా ప్రాణం. వీధిలో ఎవరింట్లో ఏది కాలిపోయినా అతని దగ్గరికే తెస్తారు. అలాంటి మనిషి ఒక తప్పుడు నమ్మకం పట్టుకుంటే దాన్ని కూడా చక్కగా పట్టుకుంటాడు. తెలివితక్కువవాడికైతే దాన్ని వదిలించడం తేలిక.

ఆదివారం పొద్దున రైలెక్కాను. పెనుకొండ దగ్గర కొండ కనిపించగానే నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు ధర్మవరంలో చుట్టాలింటికి బస్సులో వెళ్లేవాళ్లం. పెనుకొండ దగ్గర ఎత్తు ఎక్కలేక బస్సు మూలుగుతుంటే మా చెల్లెలు ముందు సీటును రెండు చేతులతో బలంగా తోసేది. కండక్టరు చూసి, "బాగా తోయమ్మా, డీజిల్ మిగుల్తాది" అనేవాడు. బస్సు ఎత్తు ఎక్కేది. అది తన గొప్పే అనుకునేది.

ఆ బస్సులో కూర్చుని సీటును తోయడమే ఈ యంత్రం కథంతా. నేను క్లాసులో చెప్పే తీరు ఒకటుంది. బేరింగులు బిగించిన చెక్క బండి మీద ఒక కుర్రవాణ్ని నిలబెట్టి, చేతికి చింతపండు బుట్ట ఇచ్చి, ముందుకు విసరమనేదాన్ని. బుట్ట ముందుకు పోయేది, బండి వెనక్కి పోయేది. రాకెట్టు అంటే అంతే, పొగ విసిరి తను ముందుకు పోతుంది. తర్వాత, "ఇప్పుడు బుట్ట వదలకుండా విసురు" అనేదాన్ని. వాడు ఎంత ఊగినా బండి అక్కడక్కడే కుదుపుకునేది తప్ప ఊరు దాటేది కాదు. పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వులోనే సూత్రం ఒంటబట్టేది. ఏదో ఒకటి వదలాలి, లేదా నేలనో నీళ్లనో గాలినో తోయాలి. రెండూ లేకుండా పోయేది ఈ లోకంలో ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

దొరికిందన్న వార్తలు మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం ఉండే రాగి డబ్బాను నాలుగు పక్కలా మూసి, లోపల మైక్రోవేవ్ తరంగాలు నింపితే, అవి వెడల్పు గోడను ఎక్కువగా, సన్నగోడను తక్కువగా తోస్తాయని, అందుకని డబ్బా దానంతటదే నడుస్తుందని ఒక ఆలోచన చాలా ఏళ్లుగా చలామణిలో ఉంది. పెద్ద పెద్ద ప్రయోగశాలలే దాన్ని వేలాడదీసి చూశాయి. కొన్నిచోట్ల ఏదో వెంట్రుకవాసి కదిలినట్టు కనిపించింది. ఇంకా జాగ్రత్తగా కట్టి చూసినచోట ఆ వెంట్రుకవాసీ మాయమైపోయింది. వేడికి ఏదో సాగడమో, తీగలో కరెంటు ఏదో అయస్కాంతాన్ని తాకడమో తప్ప అసలు తోపు ఏమీ లేదని తేలింది. మా మరిది మొదటి సగం వీడియోలు చూసి, రెండో సగం చూడకుండా వదిలేశాడని నా లెక్క.

ధర్మవరంలో వాళ్లింటి ముందు కంకర, ఎర్రమన్ను కుప్ప పోసి ఉన్నాయి. దాన్ని దాటుకుని లోపలికి వెళ్లాను. చెల్లెలు మగ్గం మీదే ఉంది. సోమవారంలోపు పూర్తిచేయాల్సిన చీర ఇంకా కొంచెం మిగిలి ఉంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"వచ్చినావా అక్కా. ఒక రవ్వంత కూర్చో. ఈ పోగు దాటించి లేస్తా."

"గుంత పూడ్చడానికి నువ్వు ఒప్పుకున్నావా?" అని నేరుగా అడిగాను. నాకు చాటుమాటు మాటలు రావు.

"నువ్వు ముందు మిషన్ చూడు. నిజమైతే నిజమని చెప్పు. కాకపోతే కాదని చెప్పు," అంది. నా కళ్లలోకి చూడలేదు. భర్త మాట కాదనలేక నన్ను పిలిచిందని అనుకున్నాను. నేను ఉన్నానుగా, చూసుకుంటానని మనసులోనే మాటిచ్చేశాను.

మరిది స్నానం చేసి, పండగ పూట కట్టుకునే తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నా ముందు తన యంత్రం చూపించడం అతనికి పరీక్ష రాయడం లాంటిదని అర్థమై, కోపం కొంచెం తగ్గింది.

యంత్రాన్ని మగ్గం గదిలోనే, గుంతకు అవతలి మూల, దూలానికి వేలాడదీశాడు. దూలం నుంచి దిగిన దారానికి ఒక వెదురుబద్ద అడ్డంగా వేలాడుతోంది. దాని ఒక కొసకు రాగి డబ్బా కట్టాడు. పాత్రలు చేసేవాడితో దగ్గరుండి చేయించాడట, అతుకు కనబడనంత నున్నగా ఉంది. రెండో కొసకు సరితూకంగా ఇటుక ముక్క. నడుమ, సరిగ్గా దారం ముడి కింద, బ్యాటరీ, తరంగాలు పుట్టించే చిన్న బోర్డు. అక్కడి నుంచి డబ్బాలోకి ఒక తీగ పోతుంది. బద్ద కొసన అగ్గిపుల్ల గుచ్చి, అది ఎంత తిరిగిందో తెలిసేలా గోడ మీద గీతలు గీశాడు. పని చూస్తే ముచ్చటేసింది. నా స్టూడెంట్లు ఒక్కరూ ఇంత శుభ్రంగా చేసి ఎరుగరు.

"మగ్గం ఆడితే ఇది ఊగుతాది వదినా," అన్నాడు. "ఆ గుంత పూడ్చి గట్టి నేల ఏస్తే ఇంగా పెద్దది కట్టొచ్చు. ఆ బెంగుళూరు సారు అదే చెప్పినాడు."

"ముందు చూపించప్పా," అన్నాను.

చెల్లెలు మగ్గం ఆపింది. తలుపు, కిటికీ మూశారు. ఫ్యాను లేదు. అతను మెత్తగా మీట నొక్కి దూరంగా జరిగాడు. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత అగ్గిపుల్ల గీత మీద నుంచి కదిలింది. ఎవరూ ముట్టుకోకుండా, చప్పుడు లేకుండా, ఎడమ వైపుకు నింపాదిగా జరిగిపోయింది. నిజం చెప్పాలంటే నేను వంగి మళ్లీ చూశాను. నమ్మకం లేనివాళ్లకు కూడా కళ్లెదుట వస్తువు కదిలితే ఒక్క క్షణం నమ్మాలనిపిస్తుంది.

"బయటికి పొగ లేదు, గాలి లేదు, ఏమీ పోలే," అన్నాడు అతను, దాదాపు గుసగుసగా. "ఆపేస్తే మళ్లా మెల్లగా ఎనక్కి వస్తాది. ఎన్నిసార్లు చేసినా ఇంతే. చూడు వదినా, ఎప్పుడూ ఎడమకే."

"కదిలింది. కాదనను," అన్నాను. "ఏది కదిలించిందో తేలాలి."

"లోపల తరంగాలే. వెడల్పు పక్క ఎక్కువ తోస్తాండాయి."

"బస్సులో కూర్చుని ముందు సీటును తోస్తే బస్సు కదులుతుందా?"

"అది పాత లెక్క వదినా. పుస్తకంలో లేనిది లోకంలో ఉండకూడదా?"

మంచి ప్రశ్నే. ఇన్నేళ్లలో ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. "ఉండొచ్చు," అన్నాను. "కానీ పుస్తకంలో లేనిది దొరికిందని చాటే ముందు, ఇంట్లో ఉన్నదేదీ దాన్ని తిప్పలేదని తేల్చుకోవాలి. పుస్తకం తప్పో కాదో చూడటానికి నీకు నేను అక్కరలేదు, నీ డబ్బా చాలు. దాన్ని విప్పి, వెనకది ముందుకు తిప్పి కట్టు. నీ మాట నిజమైతే ఇప్పుడు కుడికి పోవాలి. అంతేనా?"

"అంతే. పోతాది," అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ ధీమా నాకు నచ్చింది. మోసం చేసే ఉద్దేశం ఉన్నవాడు ఆ మాటకు నీళ్లు నమిలేవాడు.

డబ్బా తిప్పి కట్టాక ఊగడం ఆగేదాకా తలుపు మూసి భోజనానికి కూర్చున్నాం. సంగటి, దానిలోకి చెనక్కాయలు నూరిన పచ్చడి, ఊరిబిండి. అతను గబగబా తిన్నాడు. చెల్లెలు వడ్డిస్తూ మధ్య మధ్యలో గది తలుపు వైపు చూసింది. "నిజంగా కుడికే పోతుందంటావా?" అని నేను అడిగితే, "తినబోతా రుచులెందుకు వదినా, లోపలికి పోదాం పా," అని లేచాడు.

మళ్లీ మీట నొక్కాడు. ముగ్గురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. అగ్గిపుల్ల కదిలింది. ఎడమకే.

అది అంతకుముందులాగే, అంతే నింపాదిగా, అంతే దూరం ఎడమకు పోయి ఆగింది. డబ్బా అటు తిరిగినా ఇటు తిరిగినా దానికి పట్టింపు లేదు. నేను చెప్పాల్సిందంతా ఆ అగ్గిపుల్లే చెప్పింది.

"తీగలోనుంచి లీకై ఉంటాయి తరంగాలు," అన్నాడు, తీగను వేలితో చూపిస్తూ.

"అయితే తీగ పీకేద్దాం. డబ్బాలోకి ఏమీ పోదు. బోర్డు మాత్రం నడవనీ."

తీగ పీకాడు. అది చల్లారి, వెనక్కి వచ్చి, నిలకడగా ఆగేదాకా కదలకుండా కూర్చున్నాడు. మూడోసారి మీట నొక్కాడు. ఖాళీ రాగి డబ్బాను మోసుకుని వెదురుబద్ద ఎప్పటిలాగే ఎడమకు తిరిగింది. ఎదుట ఆకాశానికి పోయే యంత్రం లేదు. ఒక బద్ద, ఒక ఇటుక, వెచ్చబడ్డ బోర్డు ఉన్నాయి.

నా దృష్టి దారం మీదికి పోయింది. కానీ నేను చెప్పలేదు, ఎందుకంటే అప్పటికే అతని చెయ్యి పైకి లేస్తోంది. అతను దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. నేతవాళ్ల వేళ్లు దారాన్ని పట్టుకునే తీరే వేరు. కళ్లు మూసుకుని ఒకసారి నలిపి చూశాడు.

"పురి," అన్నాడు.

మగ్గం మీద పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ బూడిద అద్దుకున్న వేళ్ల మధ్య పెట్టి మెలితిప్పి అతుకుతారు. ముడి వేయరు. వేల పోగులు అలాగే అతుకుతారు. ఆ ఇంట పుట్టిన పిల్లలకు నడక వచ్చినట్టే ఈ మెలి వస్తుంది. రెండు పోగులు చేతికందితే చాలు, వేళ్లు వాటంతటవే పురి పెట్టేస్తాయి. ఇతను బద్దను వేలాడదీయడానికి బలంగా ఉంటుందని పట్టుపోగులు కొన్ని కలిపి తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఊరుకున్నాడా? తొడ మీద వేసి గట్టిగా పురి తిప్పాడు. తిప్పినట్టు అతనికి గుర్తు కూడా లేదు.

"ఈ గదిలో ఎప్పుడూ తేమ ఉంటాది వదినా," అన్నాడు. గొంతులో ఏ భావమూ లేదు, డ్యూటీలో చెడిపోయిన మోటారు గురించి చెబుతున్నట్టు ఉంది. "మన ఊరి ఎండకి పడుగు పోగులు పుటుక్కున తెగిపోతాయని నీ చెల్లెలు గుంతలో నీళ్లు చల్లుతాది, తడిబట్టలు ఆరేస్తాది. దారం ఆ తేమ పీలుస్తాది. బోర్డు ఎచ్చబడితే సెగ నేరుగా పైకి దారానికి తగుల్తాది. దారం ఆర్తాది. ఆరితే పురి బిగిసి బద్ద తిరుగుతాది. ఆపేస్తే మళ్లా తేమ పట్టి ఎనక్కి వస్తాది. అందుకే ఎప్పుడూ ఒకే పక్కకి. నేను తిప్పిన పక్కకి."

చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్ల నుంచి ఒంటిపోగు ప్లాస్టిక్ దారం తెచ్చి దానికి వేలాడదీసి చూద్దామని నేనే అందామనుకున్నాను. ఆ మాట అతనే అని, బండి వేసుకుని పోయి తెచ్చాడు. డబ్బాలోకి తీగ మళ్లీ కలిపి, తరంగాలతో సహా అన్నీ మొదటిలాగే పెట్టి మీట నొక్కాడు. అగ్గిపుల్ల గీత మీదే నిలబడింది. బ్యాటరీ నీరసపడేదాకా చూశాం. అది గీత దాటలేదు.

నాకు సంతోషమే కలిగింది. దాచుకోను. సైన్సు గెలిచిందని మాత్రమే కాదు. ఒక మనిషి తన ఇష్టమైన అబద్ధాన్ని తన చేతులతోనే విప్పి చూడటం నేను కాలేజీలో కూడా ఎక్కువసార్లు చూడలేదు. ఆ మాట అతనితో అన్నాను కూడా. అతను తల ఊపి పెరట్లోకి వెళ్లిపోయాడు.

నేను వంటింట్లోకి వెళ్లాను. చెల్లెలు గిన్నెలు కడుగుతోంది. "ఇంక గుంత పూడ్చే పని లేదు. మేస్త్రీకి ఫోన్ చేసి వద్దని చెప్పు," అన్నాను. థాంక్సు చెబుతుందనుకున్నాను. అది గిన్నెలు బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని, నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోంది.

"ఏమైందే? మగ్గం నిలబడింది కదా?"

"పూడ్చమని చెప్పింది నేనేనక్కా," అంది. "ఆయప్ప అడగలే. నాకెందుకులే, నేను పెరట్లో రేకుల షెడ్డు ఏసుకుంటా అన్నాడు. నేనే, వద్దు, మగ్గం తీసేసి ఈడే పెట్టు అన్న్యా."

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని నేను ఒప్పుకునే సందర్భాలు తక్కువ కాబట్టి అది నెమ్మదిగా చెప్పింది. ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి అతను మగ్గం గది గడప తొక్కలేదు. పుట్టిన పని వదిలేశానన్న సిగ్గో, తను దిగిపోయిన మగ్గం మీద పెళ్లాం కూర్చుందన్న బాధో, ఏనాడూ బయటికి చెప్పలేదు. డ్యూటీ నుంచి వచ్చి, తిని, వసారాలో ఫోన్ చూసుకుని పడుకునేవాడు. ఇది లోపల పొద్దుగూకేదాకా ఒక్కతే నేసుకునేది. ఈ మిషన్ మొదలుపెట్టాక, గాలి తగలని చోటు కావాలని, మొదటిసారి మగ్గం గదిలోకి వచ్చాడు.

"అప్పటి నుంచి దినామూ నా పక్కనే కూర్చుంటాండాడక్కా. నేను నేస్తాంటే ఆయప్ప తీగలు కలుపుకుంటాంటాడు. నన్ను ఆపు అంటాడు, నేను ఆపుతా. మళ్లా ఆడించుకో అంటాడు. మధ్యలో ఏవేవో చెప్తాంటాడు, నాకు సగం తెల్దు. అయినా బాగుంటాది. రేకుల షెడ్డు ఏసుకుంటే మళ్లా ఆడికి పోతాడు. అందుకే మగ్గం పోయినా పోనీ అనుకున్న్యా." ముక్కు తుడుచుకుంది. "నువ్వొచ్చి నిజమే అంటావేమోనని పిలిచినా. నువ్వు అనవని తెలుసు. అయినా పిలిచినా."

చెల్లెలి మగ్గం కాపాడాలని వచ్చి, దాని పక్కన కూర్చునే మనిషిని లేపేశానా? నేను చెప్పింది తప్పు కాదు. అబద్ధపు యంత్రం మీద ఎవరి సంసారమూ నిలబడకూడదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ క్షణంలో నా నిజం దానికి ఏం ఇచ్చిందో చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు.

అప్పుడే పెరట్లో నుంచి అతని గొంతు వినబడింది. ఫోన్‌లో బెంగుళూరు మనిషితో మాట్లాడుతున్నాడు. స్పీకరు పెట్టి తిరగడం అతని అలవాటు, అందుకని ఇద్దరి మాటలూ వినబడ్డాయి.

"సార్, కదిలింది దారం. మిషన్ కాదు. మీరు రావద్దండి."

అవతలి మనిషి నవ్వాడు. దారం సంగతి ఎవరికీ చెప్పనవసరం లేదన్నాడు. వీడియో బాగా పోయింది కదా, చూసేవాళ్లకు కదిలితే చాలు, గది శుభ్రంగా, నేల చదునుగా ఉంచితే తను కెమెరావాళ్లను తెస్తానన్నాడు. ఒకసారి పేరు వస్తే తర్వాత నిజం యంత్రం నిదానంగా చేసుకోవచ్చన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. నాకు ఒళ్లు మండింది. పెరట్లోకి పోయి ఫోన్ లాక్కుందామని లేచాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"లేదు సార్," అన్నాడు మరిది. "నేల చదును చేసేది లేదు. ఆడ మా ఇంటామె మగ్గం ఉండాది."

"మగ్గం ఇంకో చోట పెట్టుకోవచ్చు కదా?"

"గుంత మగ్గం సార్. ఎత్తి పెట్టేదానికి రాదు. ఉంటానండి."

ఫోన్ పెట్టేశాడు. వెంటనే ఇంకో నంబరు కలిపి, మేస్త్రీని రేపు రావద్దన్నాడు. కంకరను ఏం చేయమంటావని మేస్త్రీ అడిగితే, వీధిలో గుంతలు శానా ఉండాయి, ఆడ పోస్తానన్నాడు.

మేమిద్దరం ఒకరి ముఖాలొకరం చూసుకోలేదు. చెల్లెలు లేచి ముఖం కడుక్కుని మగ్గం గదిలోకి వెళ్లింది. నేను రైలు టైమవుతోందని సంచి సర్దుకుంటూ తలుపు దగ్గరే నిలబడ్డాను. అది గుంతలోకి కాళ్లు దింపి, మిగిలిన చీర మీద పని మొదలుపెట్టింది. పోగును బిగించే పలక దెబ్బ పడిన కొద్దీ మూలన వేలాడుతున్న బద్ద ఊగింది. అతను లోపలికి వచ్చి, దాన్ని దించి, డబ్బా ఒక పక్క, ఇటుక ఒక పక్క పెట్టాడు. ఆ గదిలో ఇక అతనికి పని లేదు. నేను సంచి సర్దడం ఆపి చూశాను.

అతను వెళ్లలేదు. మగ్గానికి పక్కగా, గుంత గట్టు మీద చతికిలబడ్డాడు. చెల్లెలు తల ఎత్తకుండానే పోగు చుట్టిన నాడెను ఇటు నుంచి అటు విసిరింది.

"పనేమీ లేకుండా ఆడ కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి," అంది.

"ఎక్కనీలే," అన్నాడు.